వీపు తిప్పిన హీరో

పోయిన వారం రాజశ్రీని తిరుపతి బస్టాండులో, నగరి బస్సు మెట్టు మీద ఒంటికాలితో నిలబెట్టి మన దారిన మనం పోయాం. ఎక్కాలా, ఇంటికి తిరిగి పోవాలా అని పాపం ఆమె తేల్చుకోలేకపోతోంది. వెనకనున్న పెద్దాయన "ఎక్కితే ఎక్కు తల్లీ, లేదంటే దిగు, మేమూ పోవాల" అని కసురుకునేసరికి ఎక్కేసింది. మనుషుల బతుకుల్లో పెద్ద నిర్ణయాలు చాలామటుకు ఇట్లాగే, వెనకవాళ్ల తోపుడు వల్లే జరిగిపోతాయి.

ఎక్కింది చెల్లెలి కోసం. లోహితకు ఇరవై మూడేళ్లు. శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో పని. అదే ఫ్యాక్టరీలో, అదే కంపెనీ బస్సులో, వెనక సీట్లో తెర లాక్కుని, నల్లద్దాలు పెట్టుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చునే మోహన్ మీద మనసు పారేసుకుంది. అతనితోనే బతుకంటోంది. తల్లి దేవకమ్మ ఏడ్చింది. రాజశ్రీ అరిచింది. లోహిత గదిలోకి పోయి తలుపేసుకుంది. ఇంతలో కంపెనీ బస్సు డ్రైవరు భానుచందర్ రాజశ్రీ దగ్గర నోరు జారాడు. "ఆ సారుకు నగిరిలో పెండ్లాం ఉండాది గదా మేడమ్, మీకు తెలీదా?"

ఆ మాటను రాజశ్రీ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. వట్టి మాట చెబితే లోహిత నమ్మదు. ఆ పెళ్లాన్ని కళ్లారా చూసి, కుదిరితే వెంటబెట్టుకొచ్చి చెల్లెలి ముందు నిలబెట్టాలి. అప్పుడు చూద్దాం ఆ నల్లద్దాల పస ఎంతో అనుకుంది.

తొందర కూడా లేదనుకుంది. నిన్న రాత్రే గంగమ్మ జాతరకు చాటింపు పడింది. చాటింపు పడ్డాక తిరుపతిలో పుట్టినవాళ్లు జాతర ముగిసేదాకా ఊరి పొలిమేర అవతల రాత్రి ఉండకూడదు. పగలు ఎక్కడికి పోయినా చీకటి పడేవేళకు ఇల్లు చేరాల్సిందే. లోహిత ఎంత మొండిదైనా ఈ ఒక్క విషయంలో తల్లికి తగ్గ బిడ్డ. నడక వచ్చినప్పటి నుంచి ప్రతి ఏడూ వేషం కట్టిన పిల్ల. "జాతర కానీక్కా, అంతవరకూ నేనేం చెయ్యను, తర్వాత మాట్లాడుకుందాం" అని తనే అంది. రాజశ్రీ ఆ చాటింపును వాకిలికి వేసిన గొళ్లెం అనుకుంది. అమ్మవారు ఊరిని కాస్తుందేమో గానీ వయసులో ఉన్న ఆడపిల్లలకు కాపలా కూర్చోదు. ఆ సంగతి రాజశ్రీకి సాయంత్రానికి గానీ తెలియలేదు.

మధ్యాహ్నం బయల్దేరేటప్పుడు దేవకమ్మ, స్టూడియో పనంటూ కూతురు చెప్పిన సాకు నమ్మి, వాకిట్లోకి వచ్చి, "చెన్నై స్టూడియో వాళ్లకు పని ఉంటే ఫోన్లో సెప్పలేరా? సాటింపు పడిన మర్నాడే పుత్తూరు దాకా పిలవాల్నా? పొద్దు మునిగేలోగా ఇంట్లో ఉండాల సూడు" అంది. వీధిలో ఒళ్లంతా నామంసుద్ద పూసుకున్న పిల్లలు వేపాకులు పట్టుకుని గుడికి పరిగెడుతున్నారు. జాతరలో రోజుకో వేషం, ఈ రోజు బైరాగి వేషం. లోహిత మాత్రం గదిలో నిద్రపోతోంది. జాతరకు సెలవు పెట్టేదాకా వారమంతా నైట్ షిఫ్టులు చేసిన పిల్ల కదా, నిద్రపోనీ అనుకుంది రాజశ్రీ. తలుపు సందులోంచి చూసి, దుప్పటి కప్పి ఉందని సంతోషపడింది కూడా.

బస్సు వడమాలపేట దాటింది. కిటికీ పక్కన కూర్చుని రాజశ్రీ తనను తాను తిట్టుకుంటోంది. ఆమె తిట్టుకోవడానికి కారణం ఉంది.

రాజశ్రీ పని ఏమిటంటే, చెన్నైలో ఒక స్టూడియో కోసం విదేశీ సీరియళ్లకు తెలుగు మాటలు రాయడం. ముప్పై ఆరేళ్లు వచ్చాయి, పెళ్లి చేసుకోలేదు, నాయన పోయిన నాటి నుంచి ఆ ఇల్లు నడుస్తున్నది ఆ మాటల మీదే. మూడేళ్ల కింద ఆమెకు వ్యాంపైర్ సీరియల్ ఒకటి వచ్చింది. అందులో హీరో వయసు నాలుగు వందల ఏళ్లు, చూపులకు పాతికేళ్లవాడు. మన ఆడపిల్లలు ఇరవై ఎనిమిదేళ్ల వాడికి ఉద్యోగం లేదంటే మొహం తిప్పుకుంటారు. నాలుగు వందల ఏళ్లుగా ఏ పనీ పాటా లేకుండా కిటికీలోంచి వాన చూస్తూ నిలబడినవాడి మీద మాత్రం ప్రాణం పెట్టేసుకున్నారు.

మొదట ఆమె 'రక్తపిశాచి' అని రాసింది. స్టూడియోలో పని చూసే మునికుమార్ ఫోను చేసి, "మేడమ్, పిశాచి అంటే మనోళ్లకు వేపమండలు గుర్తొస్తాయి. వ్యాంపైర్ అనే ఉంచండి, అందంగా ఉంటాది" అన్నాడు. ఉంచింది. ఆ తర్వాత అతను చెప్పిన రెండో మాటే కొంప ముంచింది.

అసలు సీరియల్లో ఆ హీరో పెద్దగా మాట్లాడడు. వీపు మనకు తిప్పి నిలబడతాడు, అంతే. డబ్బింగులో పెదవులు కనబడుతుంటే ఆ కదలికకు సరిపోయే మాటే రాయాలి. వీపు కనబడితే ఏం రాసినా అడిగేవాడు లేడు. "అంతసేపు గమ్మున నిలబడితే జనం చానల్ మార్చేస్తారు. ఆ ఖాళీల్లో ఏదో ఒకటి వెయ్యండి మేడమ్" అన్నాడు మునికుమార్. రాజశ్రీ వేసింది. 'నా దగ్గరికి రావద్దు. నేను ముట్టుకున్నది ఏదీ మిగలదు.' 'నన్ను ప్రేమించకు. నీకు తెల్లవారాలని ఉంటే.' ఆ దొరబాబు జన్మలో అనని మాటలు అవన్నీ. రాజశ్రీ తన ఎండిపోయిన సాయంత్రాలన్నీ ఆ వీపు వెనక పోసింది. ఆ మాటలనే తిరుపతి నుంచి టెక్కలి దాకా ఆడపిల్లలు ఫోన్లలో స్టేటస్ పెట్టుకున్నారు.

రాసిన పేజీలు ముందుగా చదివి వినిపించింది ఎవరికి? లోహితకే. "ఆయనకు లోపల ఎంత బాధ ఉండాదో గదక్కా" అని ఆ పిల్ల కళ్లు తుడుచుకుంటే అప్పట్లో రాజశ్రీ లోపల్లోపల మురిసిపోయింది. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లంతా కారం పూసుకున్నట్టుంది. నైట్ షిఫ్టు చేసిన వాడికి పొద్దున ఎండ పడదు, తెర లాక్కుంటాడు. క్యాంటీన్ సాంబారు నచ్చనివాడు అక్కడ తినడు. నిద్ర చాలనివాడు మాట్లాడడు. ఇందులో శాపం ఏముంది, నా తలకాయ? కానీ ఆ పిల్లకు ఆ కళ్లజోడు వెనక నాలుగు వందల ఏళ్ల దుఃఖం కనబడింది. కనబడేట్టు నేర్పింది తోడబుట్టిన అక్కే.

దేవకమ్మ ప్రతి జాతరకూ చెప్పే కథ ఆమెకు గుర్తొచ్చింది. వెనకటికి ఈ ఊరిని ఏలిన పాలెగాడు కనబడిన ఆడపిల్లనల్లా చెరిచేవాడు. గంగమ్మ పుట్టి, పెరిగి, వాడి మీదికి పోతే పారిపోయి దాక్కున్నాడు. అమ్మ రోజుకో వేషం కట్టి వెతికి, చివరికి దొర వేషంలో పోయి వాడి తల నరికింది. మర్నాడు మాతంగి వేషంలో పోయి వాడి పెళ్లాన్ని ఓదార్చింది. ఇదే ఊళ్లో, ఇదే జాతరలో వేపాకు పట్టుకుని తిరిగిన పిల్లలే ఇంటికి పోయి ఫోను తెరిచి, నెత్తురు తాగే దొర కోసం కన్నీళ్లు కారుస్తున్నారు. అమ్మవారు చంపింది ఎవరిని, వీళ్లు వలచింది ఎవరిని? ఇంకో సంగతి తట్టి రాజశ్రీ నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. అమ్మవారు వాణ్ణి చంపాక పెళ్లాం దగ్గరికి పోయింది. తను చంపకముందే పోతోంది.

నగరిలో దిగేసరికి మూడు దాటింది. ఏ వీధిలోకి తిరిగినా ఇళ్లలోంచి మరమగ్గాల చప్పుడు. భానుచందర్ చెప్పిన గుర్తులు పట్టుకుని పోతే రెండు మగ్గాల ఇళ్ల మధ్య ఒక పాత పెంకుటిల్లు కనబడింది. వాకిట్లో ఒకామె చేటలో బియ్యం చెరుగుతోంది. ముప్పై దాటి ఉంటాయి. జడ గట్టిగా అల్లుకుంది, కళ్లజోడు పెట్టుకుంది. ఏ మూల చూసినా ఏడుపు మొహం కాదు.

"మోహన్ వాళ్ల ఇల్లు ఇదేనా అమ్మా?" అని అడిగింది రాజశ్రీ.

ఆమె చేట ఆపి, కింది నుంచి పై దాకా ఒకసారి చూసింది. "ఇదే. నువ్వు ఆ పిల్లకు ఏమవుతావక్కా? అక్కవా, పిన్నమ్మవా?"

దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలన్నీ వదిలేసి రాజశ్రీ "అక్కను" అంది.

"చెప్పులు లోపలికి తెచ్చుకో. బయట పెడితే కుక్కలు ఎత్తకపోతాయి."

పంకజాక్షి ఆమె పేరు. బి.ఇడి. చదివింది. పెళ్లయిన కొత్తలో ఇక్కడే ఒక బళ్లో పాఠాలు చెప్పేది. అత్త మంచాన పడ్డాక మానేసింది. ఇవన్నీ ఆమె చాప పరుస్తూ, మంచినీళ్లు ఇస్తూ, వేరే ఎవరి సంగతో చెప్పినట్టు చెప్పింది. లోపలి గదిలో నులకమంచం మీద ఒక ముసలామె పడుకుని ఉంది. "ఎవురే వచ్చినారు?" అని సన్నగా అడిగింది.

"నీ కొడుకు తరపు చుట్టాలు" అంది పంకజాక్షి.

రాజశ్రీ నీళ్లు తాగి గ్లాసు కింద పెట్టింది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, తెలిసిన దారిలోనే పోయింది. "నిన్ను కొడతాడా?"

"ఛ."

"తాగుతాడా?"

"వాసన గూడా పడదు."

"మరి తిట్టడం, అనుమానపడటం..."

"ఏమీ లేదక్కా. ఆయన చెడ్డోడు గాదు. ఆయన ఏమీ గాదు." పంకజాక్షి చేటలోంచి ఒక రాయి ఏరి బయటికి విసిరేసింది. "ఆదివారం వస్తాడు. ఆ కిటికీ కాడ కూర్చుంటాడు. మనం చూస్తా ఉంటాము. సోమవారం పోతాడు."

రాజశ్రీకి కోపం వచ్చింది. ఆమె రాక్షసుణ్ణి వెతుక్కుంటూ వచ్చింది. వాడి గోళ్లూ కోరలూ చూసి, వాటిని తీసుకుపోయి చెల్లెలికి చూపిద్దామనుకుంది. "అట్లాంటప్పుడు ఏం చూసి చేసుకున్నావమ్మా?" అంది, కాస్త కరకుగానే.

పంకజాక్షికి ఆ కరుకు తగల్లేదు. "తిరుపతిలో బి.ఇడి. చదవతా ఉంటే పరిచయం. లైబ్రరీలో ఒగ మూల కూర్చునేవాడు. నాతో మాట్లాడొద్దు పంకజా, నీ బతుకు చెడిపోతాది అన్నాడు మొట్టమొదటి రోజే. ఎవురన్నా నీ బతుకు చెడిపోతాది అంటే పారిపోవాల గదా? నేను ఇంగా దగ్గరికి జరిగినా." చేటలో బియ్యం ఒక పక్కకు నెట్టింది. "మా ఇంట్లో మగోళ్లందురూ అరిచేవాళ్లు. మా నాయన అరుస్తాడు, చిన్నాయన అరుస్తాడు, పదేండ్ల మా తమ్ముడు గూడా అరిచేవాడు. గమ్మునుండే మగోణ్ణి నేను చూసిందే అప్పుడు. ఇంత గమ్మునుండాడంటే లోపల ఎంత పెద్ద మాట దాచిపెట్టుకున్నాడో అనుకున్నా."

"ఏముంది లోపల?"

"ఏడేండ్లు వెతికినా. చిన్నప్పుడు ఎవురన్నా కొట్టినారేమో అనుకున్నా. ఎవర్నన్నా ప్రేమించి పోగొట్టుకున్నాడేమో అనుకున్నా. ఆయన కిటికీలోంచి చూస్తా ఉంటే వంటింట్లో నిలబడి నేను ఏడ్చేదాన్ని. ఒగ దినం ఉండబట్టలేక అడిగేసినా. ఏందయ్యా నీ బాధ, నాతో చెప్పు, ఇద్దురం పంచుకుందాము అని. చానా సేపు గమ్మునుండి, కరెంటు ఎప్పుడొస్తాదో అన్నాడు."

రాజశ్రీకి నవ్వు వచ్చింది. నవ్వితే బాగుండదని ఆపుకుంది. పంకజాక్షే ముందు నవ్వింది. ఆ నవ్వు చూడటం కష్టంగా ఉంది.

"లోపల ఏమీ లేదక్కా. ఉండాదనుకోని మనమే అంతా తీసకపొయ్యి ఆడ పెట్టినాము. ఆయన వద్దనలేదు, అంతే."

ఆ మాట రాజశ్రీకి చెంపదెబ్బలా తగిలింది. వీపు తిప్పి నిలబడినవాడి వెనక మాటలు పెట్టడం తన ఒక్కదాని వృత్తి అనుకుంది ఇన్నాళ్లూ. జీతం పుచ్చుకోకుండా, బతుకంతా పోసి ఆ పని చేసిన మనిషి తన ఎదురుగా బియ్యం ఏరుతోంది. తిరుపతిలో ఇంకొకతి అదే పనికి కూర్చుంది.

"ఇంగొగటి గూడా ఉండాది" అంది పంకజాక్షి. "ముందే చెప్పేస్తాడు, నేను మంచోణ్ణి గాను, నాతో సుఖం ఉండదు అని. అది ఆయన నిజాయితీ అని మురిసిపోతాము. తర్వాత ఏమడగబోయినా, నేను ముందే చెప్పలేదా నీకు అంటాడు. అదొక్క మాటతో ఏడేండ్లుగా గెలస్తానే ఉండాడు. తప్పంతా విన్నా పోకుండా ఉండిపోయిన దానిదే."

రాజశ్రీ చాప మీద ముందుకు జరిగింది. "పంకజా, నువ్వు నాతో రా. ఈ మాటలు మా లోహితకు చెప్పు. ఇట్లనే, నాకు చెప్పినట్టే చెప్పు. పొద్దు ఉండగానే తిరుపతి చేరతాము. రేపు పొద్దున్నే నిన్ను నేనే దింపతా."

"ఆ పిల్ల వింటాదా?"

"వింటాది. పెండ్లాం ఉండాదని తెలిస్తే చాలు, విరిగిపోతాది. ఆ సంగతి దానికి ఇంగా తెలీదు."

పంకజాక్షి ఆమె వైపు జాలిగా చూసింది. ఏదో అనబోయి, వాకిలి వైపు తల తిప్పింది. బయట ఆటో ఆగింది. ఇనప గేటు కిర్రుమంది.

లోపలికి వచ్చింది లోహిత. భుజాన బట్టల సంచి.

నిద్రపోతున్న పిల్ల. దుప్పటి కప్పుకుని ఉన్న పిల్ల. చాటింపు పడ్డాక ఊరు దాటని పిల్ల. రాజశ్రీ లేచి నిలబడింది.

"నువ్వేంది ఈడ?" అంది లోహిత, గుమ్మంలోనే ఆగిపోయి.

"అది నేనడగాల నిన్ను. మే, ఈ ఇల్లు ఎవురిదో తెలుసునా నీకు? ఈమె ఎవురో తెలుసునా? ఈమె..."

"ఆయన పెండ్లాం. తెలుసు."

లోహిత లోపలికి ఒక అడుగు వేసింది.

"మొదటి రోజే చెప్పినాడు నాకు. చెప్పి కండ్లనీళ్లు పెట్టుకున్నాడు. నీలాంటి దాన్ని తాకే అర్హత నాకు లేదు లోహితా, నన్ను వదిలేసి పో అన్నాడు." లోహిత సంచి పట్టీ బిగించి పట్టుకుంది. "ఏ మగోడు చెప్తాడక్కా అట్ల? అందురూ దాస్తారు. ఆయన దాచలేదు."

రాజశ్రీ వారం రోజులుగా మూట కట్టి దాచుకున్న ఆయుధం అది. దాన్నే ఆ పిల్ల మెడలో దండలా వేసుకుని తిరుగుతోంది. "ఇప్పుడు ఈడికి ఎందుకొచ్చినావు?" అంది.

"ఈమెతో మాట్లాడేదానికి. ఆయన చెప్పలేడంట. ఈమె మొకం చూస్తే మాట రాదంట. నన్నే చెప్పమన్నాడు."

"వాడు యాడుండాడు?"

"తిరుపతి రూములో. డ్యూటీకి పోవాల గదా."

"సిగ్గులేదా మే వానికి? ఆడపిల్లను పంపించి పెండ్లాన్ని వదిలించుకుంటాడా? పొద్దు వాలతా ఉండాది. చాటింపు పడిందని నీకు గుర్తుండాదా? అమ్మ ప్రాణం గుప్పిట్లో పెట్టుకోని కూర్చోని ఉంటాది ఆడ."

"అమ్మోరు ఏం చేసినా నాకే గదా చేస్తాది. మీకు కాదులే." లోహిత తల ఎత్తింది. "ప్రేమించినోళ్లకు పొలిమేరలు ఉండవు."

వానలో, కోట మీద, వీపు తిప్పి నిలబడిన వాడికి రాజశ్రీ వేసిన మాట అది. "పాపా, అది నేను రాసిన మాటే. ఆ సీన్లో వాడు ఏమీ అనలా. మునికుమార్ ఖాళీ నింపమంటే నింపినా. అబద్ధం పాపా అది."

"నువ్వు రాస్తే అబద్ధమైపోతాదా?" లోహిత కళ్లు మెరిశాయి. "నీకు ఎవురూ లేరు. ఎవురూ నీ చెయ్యి గూడా పట్టుకోలా. అయినా ఆ మాట నీకు ఎట్ల తెలిసింది? నిజం గాబట్టే తెలిసింది. రాసేదానికి ఉండే ధైర్యం బతికేదానికి లేదు నీకు. నాకుండాది."

రాజశ్రీ చెయ్యి పైకి లేచింది. జడలు వేసిన చెయ్యి, జ్వరమొస్తే నుదుటి మీద పెట్టిన చెయ్యి. కొట్టలేక కిందికి దించుకుంది. తోడబుట్టిన దాని నోటి నుంచి వచ్చాక ఆ మాట ఇక ఎవరూ వెనక్కి తీసుకోలేరు.

ఈలోగా పంకజాక్షి చేటలోని బియ్యం డబ్బాలో పోసి, మూత పెట్టింది. అప్పుడు లోహిత దగ్గరికి వచ్చింది. "ఏం చెప్పమన్నాడు పాపా? చెప్పు."

లోహిత తడబడింది. నేర్చుకొచ్చిన మాటలు వెతుక్కుంది. "మీరంటే ఆయనకు గౌరవమే. మీకు అన్యాయం చెయ్యాలని ఆయనకు..."

"లేదు. కానీ ఈ ఇంట్లో ఆయన ప్రాణం లేని మనిషిలాగ బతకతా ఉండాడు" అంది పంకజాక్షి. "మీరు పెద్ద మనసు చేసుకోని వదిలిపెడితే జన్మంతా మీకు రుణపడి ఉంటాడు. అంతేనా? ఇంగేమన్నా చేర్చినాడా?"

లోహిత మొహంలో రంగు పోయింది.

"నేనూ ఇట్లనే వచ్చినా. ఈ వాకిట్లోకే. భుజాన సంచి గూడా ఇంతే ఉండింది. అప్పుడు ఈ ఇంట్లో ఉండింది తిరుమలమ్మ. నేను చెప్పలేను, నువ్వే చెప్పు పంకజా అన్నాడు. చెప్పినా."

"తిరుమలమ్మ ఎవురు?" అంది లోహిత.

"నాకు ముందు పెండ్లాం. ఆమె సంగతి చెప్పలేదా నీకు? అన్నీ చెప్పినాడంటివే."

చెల్లెలి మొహాన్ని పసితనం నుంచి చదివిన మనిషి రాజశ్రీ. నమ్మకం విరగడం మొదలైన చోటు స్పష్టంగా కనబడింది. కింది పెదవి పళ్ల మధ్యకు పోయింది, చూపు నేల మీదికి జారింది. ఇంకొక్క క్షణం ఆగితే చాలు, సంచి పట్టుకుని తన వెంట వచ్చేస్తుంది. తల్లి ముందు తలొంచుకుని నిలబడుతుంది. తిట్లు తింటుంది, అన్నం తింటుంది. అమ్మా గంగమ్మా, ఈ ఒక్కసారికి అని రాజశ్రీ మనసులోనే చేతులు జోడించింది.

"ఆమె ఏం చేసింది?" అని అడిగింది లోహిత.

"అన్నం పెట్టింది నాకు. నేను తిన్నాక, నడుముకు దోపుకున్న తాళంచెవి తీసి నా చేతిలో పెట్టి పొయ్యింది. పిచ్చిది, తిట్టకుండా పోతా ఉండాది అనుకున్నా. ఇప్పుడు తెలస్తా ఉండాది ఆమె ఎంత తొందరలో ఉండిందో." పంకజాక్షి లోపలికి పోయి, బీరువా పైనుంచి ఒక సంచి దించుకొచ్చింది. అది ఎప్పుడో కట్టి పెట్టుకున్న సంచి. "పుత్తూరులో మా చెల్లెలుండాది. ముసలామెకు చీకటి పడినాక గంజి పోయాల. రాత్రి ఒగసారి లేచి పక్కకు జరపాల, లేదంటే ఒళ్లు పుండు పడతాది. ఆమె మంచిదే. కొడుకు సంగతి ఎత్తితే మాత్రం ఏడస్తాది."

నడుము దగ్గర నుంచి తాళంచెవి తీసి అరచేతిలో పెట్టి చూపింది. బలవంతపెట్టలేదు. పట్టుకుని నిలబడింది, అంతే.

"వద్దు" అంది రాజశ్రీ. "లోహితా, దాన్ని ముట్టుకోవద్దు. పద. బస్సు దొరకతాది, చీకటి పడేలోగా పొలిమేరలో ఉంటాము. అమ్మకు నేను చెప్పుకుంటా. నిన్ను ఒగ మాట అనను. మన నాయన మీద ఒట్టు."

లోపలి గదిలోంచి ముసలామె పిలిచింది. "పంకజా, నోరు ఎండకపోతా ఉండాదే. రొన్ని నీళ్లు పొయ్యి."

పంకజాక్షి కదల్లేదు.

లోహిత గది వైపు చూసింది. నులకమంచం, మురికి దుప్పటి, దాని పక్కన ఖాళీగా ఉన్న కిటికీ. ఆ కిటికీ దగ్గర చాలాసేపు ఆగింది ఆమె చూపు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లు రాజశ్రీకి తెలిసినవే. మూడేళ్ల కింద కాగితాలు చదివి వినిపించినప్పుడు చూసిన నీళ్లే.

"ఇంత బాధ లోపల పెట్టుకోని, నాకు గూడా చెప్పుకోలేక పొయ్యినాడు పాపం" అంది లోహిత.

భుజం మీది సంచి దించి గోడకు ఆనించింది. పంకజాక్షి అరచేతిలోంచి తాళంచెవి తీసుకుంది. అక్క వైపు చూడకుండా అడిగింది.

"నీళ్లు యాడుండాయి?"